భోగి మంటకు ఇవ్వని మూట

ఆగరా చిన్నోడా, ఆ మూట ఇటివ్వు. పాత చాప వెయ్యి, అరిగిన చీపురు వెయ్యి, అడుగు ఊడిన బుట్ట వెయ్యి, నేనేమీ అనను. టైరు మాత్రం వద్దు, ఆ పొగకు వీధి వీధంతా దగ్గుతుంది. కాగితమూ వద్దు. ఏ కాగితమైనా మంటలో పడే ముందు ఒకసారి నా చేతికి రావాలి. ఇది ఈ ఇంటి కట్టడి. మీ నాన్న పిల్లాడిగా ఉన్నప్పటి నుంచీ ఉంది.

కూర్చోండి. తెల్లారడానికి ఇంకా చాలా సేపుంది. అమ్మాయ్, ఆ దుప్పటి తమ్ముడికి కూడా కప్పు. మంచు పడుతోంది.

విప్పు, ఏముందో చూద్దాం. ఇవి కరెంటు బిల్లులు. ఇది మా అమ్మ పేరు మీది రేషను కార్డు. పెళ్ళిపత్రికలు. ఇదుగో, దీన్నే మంటలో వేసేవాడివి. ఈ పొడుగాటి పుస్తకం మా నాయన కట్టెల అడితి లెక్క. పడవ ఎప్పుడు వచ్చింది, ఎవరిది, ఎన్ని బండ్ల సవుకు దిగింది, కూలి ఎంత ఇచ్చాడు, అన్నీ రాసుకున్నాడు. అంకెలు తెలుగంకెలే. మీకు చదవడం రాదు కదూ? నేర్పిస్తాను.

పడవ ఎక్కడికి వచ్చిందని అడుగుతావేమిరా! మన ఊరికీ తిరువొత్తియూరుకూ నడుమ ఉన్న బకింగ్‌హాం కాలువకు. ఇప్పుడు మీరు ముక్కు మూసుకుని వంతెన దాటుతారే, ఆ నల్లనీళ్ళే. 1806లో చెన్నపట్నం నుంచి ఎన్నూరు దాకా తవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా ఉత్తరానికి పోయింది. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువులో, తిండి లేని జనం కూలికి మన్ను మోసి ఇంకొంత తవ్వారు. అప్పుడు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం దొర పేరు దానికి పెట్టారు. తవ్విన వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. కాకినాడ నుంచి పుదుచ్చేరికి ఇవతల మరక్కాణం దాకా, ఉప్పునీటి కాలువా మంచినీటి కాలువా కలిపి సుమారు 796 కిలోమీటర్ల నీటిదారి అది. నెల్లూరు వైపు నుంచి బియ్యం, సవుకు కట్టెలు, సున్నపు గుల్ల వచ్చేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవాళ్ళు. పడవ వాళ్ళంతా తెలుగువాళ్ళు. రాత్రి గట్టున వంట చేసుకుంటూ పాడుకునే పాటలు మా ఇంటికి వినపడేవి. 1960ల్లో వరసగా వచ్చిన తుపానులకు కాలువ దెబ్బతింది, లారీలు వచ్చాయి, పడవలు ఆగాయి. ఆ పాటల్లో ఒక్కటి కూడా నేను రాసి పెట్టుకోలేదు. జీవితమంతా అచ్చు అక్షరాలు పేర్చినవాడిని, నాకే తోచలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఈ పుస్తకం మంటలో పడనివ్వను.

నేను మన మనలి నుంచి సైకిలు మీద తండయార్‌పేట దాటి పట్నంలో ఒక తెలుగు అచ్చాఫీసుకు పోయేవాణ్ణి. కంపోజిటర్ని. గళ్ళపెట్టె ముందు నిలబడి, సీసం అక్షరం ఒక్కొక్కటీ ఏరి, అద్దంలో కనపడినట్టు తిరగేసి పేర్చాలి. తండయార్‌పేట అంటే గుర్తొచ్చింది, తెలుగు పుస్తకం అంటే వావిళ్ళ వారిదే అనే రోజులుండేవి. 1854లో మొదలైన ఆ అచ్చుకూటం ఉన్నది ఆ పేటలోనే. తెలుగు చదివినవాళ్ళు బెజవాడలో ఉన్నా బరంపురంలో ఉన్నా పుస్తకం మన ఉత్తర చెన్నపట్నం నుంచే పోయేది. ఈ మాట మీ బళ్ళో ఎవరూ చెప్పరు.

మనలి అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది గొట్టాలూ మంటలూ. చమురు శుద్ధి కర్మాగారం కంపెనీగా ఏర్పడింది 1965లో, పని మొదలైంది 1969లో. ఆ తర్వాత ఎరువుల ఫ్యాక్టరీ. నాకు అప్పుడు పాతికేళ్ళ లోపు. అంతకు ముందు ఇదంతా వరిచేలు, చెరువు, కూరగాయల మళ్ళు. రాత్రి ఆ చిమ్నీ మంట మొదటిసారి ఆకాశంలో కనపడిన రోజు మా అమ్మ దండం పెట్టింది. ఊరికి ఉద్యోగాలొచ్చాయి, నేను కాదనను. కానీ ఊరంటే అదొక్కటే అనుకుంటే మనం మోసపోయినట్టే.

ఇప్పుడు అసలు ముచ్చట వినండి.

రెండువందల ఏళ్ళకు మించిన మాట. ఇంగ్లీషు కంపెనీ కోటలో పిగట్ అనే గవర్నరు ఉండేవాడు. ఆయనకు దుబాసీ మనలి ముత్తుకృష్ణ మొదలియారు. దుబాసీ అంటే రెండు భాషలవాడు, దొరకు నోరూ చెవీ రెండూ తనే. 1757లో కోట పక్కన ఉన్న చెన్నకేశవస్వామి గుడిని కంపెనీవాళ్ళు తమ అవసరానికి తీసేస్తే, ఇప్పుడు పూలబజారు దగ్గరున్న గుళ్ళు, చెన్నకేశవుడిదీ చెన్నమల్లేశ్వరుడిదీ, మళ్ళీ లేవడానికి ముందు నిలిచింది ఈ మొదలియారే. ఆయనకు సంగీతమంటే ప్రాణం. తిరువారూరు నుంచి రామస్వామి దీక్షితులను కుటుంబంతో సహా మన ఊరికి తీసుకొచ్చి ఉంచుకున్నాడు. ఆ కుటుంబంలో పెద్దకొడుకు ఎవరో తెలుసా? ముత్తుస్వామి దీక్షితులు. అవునే అమ్మాయ్, నువ్వు పాట మాస్టారు దగ్గర నేర్చుకుంటావే, ఆ దీక్షితులే. పడుచువాడుగా ఇదే నేల మీద తిరిగాడు.

ముత్తుకృష్ణ మొదలియారు తర్వాత కొడుకు వేంకటకృష్ణ మొదలియారు, అందరూ చిన్నయ్య మొదలియారు అనేవాళ్ళు, ఆ ఆదరణ తగ్గనివ్వలేదు. రామస్వామి దీక్షితులు 108 రాగాల్లో, 108 తాళాల్లో ఒకే రచన కట్టాడు. రాగతాళమాలిక. ఏ భాషలో? తెలుగులో! అరవ ఊరు, అరవ జమీందారు, పాట తెలుగు. అప్పట్లో అది వింత కాదు. పాట కట్టేవాడు తెలుగులో కట్టడమే రివాజు. కాలువకు అవతల తిరువొత్తియూరులో త్యాగయ్య త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు కీర్తనలు పాడాడు, అవీ తెలుగే. ఆయన్ను అక్కడికి పిలిపించుకున్నది శిష్యుడు వీణ కుప్పయ్య.

చిదంబరనాథ యోగి అనే సన్యాసి ఒకాయన మనలికి వచ్చి, ముత్తుస్వామిని తనతో పంపమని అడిగాడు. తండ్రి గుండె రాయి చేసుకుని పంపాడు. కాశీలో ఆ యోగి దగ్గర ఆయన ఏళ్ళ తరబడి ఉన్నాడు. తిరిగొచ్చాక కోటలో దొరల బ్యాండు వాయిద్యం విని, ఆ వరసల మీద సంస్కృతంలో సుమారు 40 పాటలు కట్టాడు. ఇంగ్లండు రాజును కీర్తించే పాట వరసలో అమ్మవారి స్తుతి! చిన్న తమ్ముడు బాలుస్వామికి చిన్నయ్య మొదలియారు కోటలో ఒక దొర దగ్గర వయొలిన్ నేర్పించాడు. ఇవాళ దక్షిణాది కచేరీలో వయొలిన్ లేకుండా గాయకుడు కూర్చోడు. దాన్ని మన సంగీతానికి పట్టిన తొలివాళ్ళలో బాలుస్వామి ఒకడు, నేర్చింది మన ఊళ్ళో ఉన్నప్పుడే.

ఇవన్నీ నాకెలా తెలుసు? మనలిలో ఒక్క రాయి మీదా నేను చదవలేదు. ఈ ఊళ్ళో ఎవరూ చెప్పలేదు. పనిచేసే చోట మా పెద్ద ప్రూఫ్‌రీడరు ఒక రోజు ఒక పెద్ద పాత పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, ‘మీ ఊరి సంగతి ఇందులో ఉంది, చదువు’ అన్నాడు. సంగీత సంప్రదాయ ప్రదర్శిని. 1904లో ఎట్టయపురంలో అచ్చయింది. తమిళదేశం దక్షిణపు కొసన ఉన్న సంస్థానం, పుస్తకం మాత్రం తెలుగు. రాసింది సుబ్బరామ దీక్షితులు, బాలుస్వామికి కూతురి కొడుకు, ఆయనకే దత్తుడు. పదిహేడు వందల పేజీలకు పైన. ముందు వాగ్గేయకారుల చరిత్రలు, అందులో మనలి. గమకం ఎక్కడ ఊగాలో ఎక్కడ జారాలో చూపడానికి ప్రత్యేకంగా గుర్తులు చేయించి స్వరం నెత్తిన పెట్టారు. ఆ పేజీ చూసి నా చేతులు వణికాయి. కంపోజిటరుకు తెలుస్తుంది ఆ కష్టం. ఒక పేజీ పేర్చడానికి ఎన్ని రోజులు పట్టి ఉంటుందో!

ఆ పుస్తకం ఊరికే రాలేదు. చిన్నస్వామి మొదలియారని ఒకాయన, చెన్నపట్నం సెక్రటేరియట్‌లో ఉద్యోగి, మతానికి క్రైస్తవుడు, ఈ పాటలు నోళ్ళలోనే ఉండిపోతే పోతాయని దిగులుపడ్డాడు. తన డబ్బూ తన కళ్ళూ ఖర్చుపెట్టి, పాటలను దొరల స్వరలిపిలో అచ్చువేశాడు. చూపు మందగించాక, ఎట్టయపురం రాజును ఒప్పించి సుబ్బరామ దీక్షితుల చేత తెలిసిందంతా రాయించే ఏర్పాటు చేశాడు. ఒక్క మనిషి పట్టుదల. అది లేకపోతే మనలి దీక్షితుల సంగతి లేదు, ముత్తుస్వామి కృతుల్లో చాలా వరకు లేవు. అంత చేసినా ఆ 108 రాగాల మాలికలో మనకు మిగిలింది 61 వరకే. మిగతా 47 ఏమయ్యాయి? ఎవరో రాసుకున్న తాటాకు ఏ అటక మీదో చెదపట్టి ఉంటుంది. ఏ భోగి రోజో మంటలో కాలిందేమో కూడా.

చిన్నోడా, ఇప్పుడర్థమైందా ఎందుకు ఆగమన్నానో.

ఊరి చరిత్ర సేకరించడం మనవాళ్ళకు కొత్త కాదు. ఊళ్ళ చరిత్రలు పోగుచేయించిన మెకంజీ అనే దొర దగ్గర ఏలూరు వాళ్ళు కావలి సోదరులు పనిచేశారు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఊరూరికీ మనుషులను పంపి, కరణాల దగ్గర కవిలెలు చూసి, గుళ్ళో శాసనాలు ఎత్తి రాసి, ముసలివాళ్ళను కూర్చోబెట్టి చెప్పించుకుని కైఫీయతులు తయారుచేశారు. అవే ఇవాళ తెలుగు ఊళ్ళ చరిత్రకు ఆధారం. 1821లో మెకంజీ పోయాక ఆ పని తను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొస్తే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో దొరలు ఇతని వల్ల అంత పని కాదన్నారు. చేసిందంతా అతనూ అతని అన్నదమ్ములే అయినా! ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. ఆ తర్వాత చాలా కాలానికి, 1922లో, రాజమండ్రిలో మనవాళ్ళు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టి శాసనాలూ నాణేలూ చూడడం మొదలుపెట్టారు. ఎవరి అనుమతీ అడగలేదు.

అమెరికాలో మీ అత్త ఉండే చోట, జిల్లాకొక చరిత్ర సంఘం ఉంటుందట. పోయినసారి నేను వెళ్ళినప్పుడు తీసుకెళ్ళింది. పాత ఇల్లు ఒకటి, లోపల పాత నాగళ్ళు, బడి రిజిస్టర్లు, పెళ్ళిఫొటోలు. నడిపేది జీతగాళ్ళు కాదు, నా వయసు ముసలివాళ్ళు. ఒకావిడ ఫొటోల వెనక పెన్సిలుతో పేర్లు రాస్తూ కూర్చుంది. అంతే పని. మాసచుసెట్స్‌లో అలాంటి సంఘం 1791లోనే పెట్టుకున్నారు. ఇక్కడ మొదలియార్ల ఇంట దీక్షితులు పాడిన కాలం కూడా ఇంచుమించు అదే. వాళ్ళు పాడింది వింటూ ఊరుకున్నాం మనం, రాసుకోలేదు.

చెన్నపట్నంలో కదలిక రాలేదని కాదు. దామెర్ల వేంకటాద్రి నాయకుడి దగ్గర నుంచి కంపెనీ వాళ్ళు పట్టా పుచ్చుకున్న 1639 ఆగస్టు 22ను గుర్తుపెట్టుకుని, 2004 నుంచి మద్రాసు దినం జరుపుతున్నారు. వీధులు చూపిస్తూ నడుస్తారు, ఉపన్యాసాలిస్తారు. మంచి పని. ఆ నడకలు మైలాపూరులో ఉంటాయి, జార్జిటౌనులో ఉంటాయి. కాలువ దాటి మనలి దాకా రావాలంటే ముందు మన దగ్గర చూపించడానికి ఏదైనా ఉండాలి కదా. 2011లో మన ఊరు కార్పొరేషనులో కలిసింది. పంచాయతీ నాటి కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో అడిగినవాడు ఒక్కడూ లేడు. 2023 డిసెంబరు తుపాను నీళ్ళు మన వీధిలో ఎన్ని ట్రంకుపెట్టెలను నానబెట్టాయో మీరే చూశారు. నా పెట్టె సగం పోయింది. ఉతికిన బట్టల్లా కాగితాలు తీగకు ఆరేశాను.

అందుకని పిల్లలూ, నేను ఒక పని మొదలుపెట్టాను, మీ సాయం కావాలి. ముందు గది ఖాళీ చేశాను. రెండు ఇనుప బీరువాలు, నేలకు మూడడుగుల ఎత్తున, వరద అందనంత. తెలుగు ఇల్లా తమిళ ఇల్లా అని చూడను, ఏ ఇంటి కాగితమైనా సరే. అడితి లెక్క, పడవ రసీదు, భూమి పోయినప్పటి నోటీసు, ఫ్యాక్టరీ మొదటి షిఫ్టు గుర్తింపు కార్డు, భజన మండలి పాటల నోటుబుక్కు. ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళవి మీ ఫోనులో ఫొటో తీసి తిరిగి ఇచ్చేద్దాం. ఎవరిది, ఎప్పటిది, ఎవరు చెప్పారు, ఈ మూడూ తప్పకుండా రాయాలి. ఎనభై దాటినవాళ్ళు ఈ నాలుగు వీధుల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గరికి ముందు పోవాలి. పడవ పాట ఒక్కటైనా ఎవరి నోటనైనా మిగిలిందేమో అడగాలి.

మంట తగ్గుతోంది, ఆ విరిగిన కుర్చీ వెయ్యి. తలంట్లు పోసుకుని, పొంగలి తిన్నాక, చుట్టుపక్కల ఇళ్ళకు పోయి చెప్పండి. భోగికి కాగితం కాల్చవద్దని, మా తాత తన దగ్గరికి తెమ్మన్నాడని చెప్పండి. ఆదివారం పొద్దున గది తలుపు తీసే ఉంటుంది. పెన్సిళ్ళు తెచ్చుకోండి.