ప్రతిజ్ఞ చెప్పిన వరస

దేశమంతా బడిపిల్లలు చెప్పే ప్రతిజ్ఞ రాసింది మంత్రీ కాదు, విద్యాశాఖ మనిషీ కాదు. ఒక ట్రెజరీ ఆఫీసరు. నల్లగొండ దగ్గరి అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, చైనాతో యుద్ధం వచ్చిన 1962లో తెలుగులో రాశారు. తెన్నేటి విశ్వనాథం గారి చేతికిస్తే, ఆయన విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి అందించారు. 1963లో విశాఖ పిల్లలు చెప్పారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా మొదలైంది. ఏండ్ల తరబడి పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది, రాసినాయన పేరు ఉండేది కాదు. మా జిల్లావాడేనన్న సంగతి మా స్టాఫ్‌రూంలోనే చాలామందికి తెలిసేది కాదు.

ఈ జిల్లాలోనే జడ్పీ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. పొద్దున ప్రేయర్‌లో ప్రతిజ్ఞ చెప్పించడం ఎక్కడికి పోయినా నా వంతే. పిల్లలు మాటలు మింగేసేవాళ్లు, చాచిన చేతితో ముందువాడి వీపు గీకేవాళ్లు. నాకు దాని మీద పెద్ద పట్టింపు లేదు. నేను చూసింది వరసను. పటేలు మనవడి వెనక వాళ్ల జీతగాడి కొడుకు నిలబడేవాడు, ఎత్తును బట్టి. ఊళ్లో ఇంకెక్కడా ఆ ఇద్దరికీ అట్లాంటి వరస లేదు.

మా నాయన కాలంలో ఇట్లాంటి బడీ లేదు, ఇట్లాంటి వరసా లేదు. నిజాం రాజ్యంలో సర్కారు చదువు పై తరగతుల్లో ఉర్దూలో సాగేది. సొంతంగా బడి పెట్టాలన్నా, సభ పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలి. సభల మీద ఆంక్ష పెట్టిన గస్తీ నిషాన్ తిర్పన్ పేరు మా ఇంట్లో తిట్టులాగా వాడేవారు. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ అడిగిన వాటిలో తెలుగులో చదువూ ఉంది. చదువు రాకముందే ఓటు వచ్చింది. 1951 లెక్కల్లో దేశంలో నూటికి పద్దెనిమిది మందికే అక్షరాలు వచ్చు. అందుకే 1952 ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అతికించారు. ఆ ఎన్నికల్లోనే నల్లగొండ జనం రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేశారు. చదువు లేనివాళ్లకు తెలివి లేదనేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను.

1959 అక్టోబరు 11న నెహ్రూ షాద్‌నగర్‌లో మన రాష్ట్రపు పంచాయతీరాజ్ ప్రారంభించాక, ప్రాథమిక బడులు పంచాయతీ సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. బోర్డు మీద ‘జిల్లా పరిషత్’ అని రాసింది ఊరికే కాదు. సారు రావడం లేదంటే ఊరు సర్పంచిని పట్టుకునేది, సర్పంచి సమితి ప్రెసిడెంటును పట్టుకునేవాడు. రాజకీయం చాలా ఉండేది, బదిలీల్లో పైరవీలు ఇంకా ఎక్కువ. అయినా అడిగే దారి ఉండేది.

ఎలక్షన్ డ్యూటీలో నాకు నచ్చిన దృశ్యం ఒకటుంది. పోలింగు బడిలోనే. రెండు పార్టీల ఏజెంట్లు అదే బడిలో కలిసి చదివినవాళ్లు. ఓటరు మొహం చూసి ‘మనోడే సార్’ అని ఇద్దరూ ఒకేసారి అనేవాళ్లు. దొంగ ఓటును ఆపడానికి అంతకు మించిన కాపలా నేను చూడలేదు.

తర్వాత పటేలు మనవడి పిల్లలు ఇంగ్లీషు మీడియం బస్సెక్కారు. బడి దెబ్బతిన్నది సారువాళ్ల సోమరితనంతో అని లోకం అంటుంది. అదీ కొంత నిజమే. అసలు దెబ్బ మాత్రం అడిగే నోరున్నవాళ్లు వెళ్లిపోవడం. మిగిలినవాళ్లు కూలికి పోయే తల్లిదండ్రులు. ఒక పూట వచ్చి అడగాలంటే ఆ పూట కూలి పోతుంది.

2009 విద్యాహక్కు చట్టం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. మీ పిల్లలు ఆ బడిలో లేకున్నా అది మీ పన్నుతో నడిచేదే. కమిటీ కూర్చున్న రోజున వెళ్లండి. ఎందరు సార్లున్నారు, వచ్చిన గ్రాంటు దేనికి ఖర్చయింది, ఆడపిల్లల మరుగుదొడ్లో నీళ్లు వస్తున్నాయా అని అడగండి.