సురుల్: ఒక కోఠీ, ఒక ఊరు

బెంగాల్ పల్లె అనగానే కాలువలు, కొబ్బరిచెట్లు, కనుచూపు మేర పచ్చని వరి మడులు గుర్తుకొస్తాయి. బీర్‌భూమ్ జిల్లా ఆ బొమ్మలో ఇమడదు. చోటానాగపూర్ పీఠభూమి తూర్పుకు వాలుతూ వచ్చి గంగా మైదానంలో కలిసే అంచు ఇది. నేల ఎర్రది, కంకర కలిసినది. ఏటేటా వానకు కోసుకుపోయి గండ్లుగా, దిబ్బలుగా చీలిన ఈ నేలను అక్కడివాళ్లు ‘ఖోయాయ్’ అంటారు. ఉత్తరాన కోపాయ్, దక్షిణాన అజయ్ నదులు. వేసవిలో ఇసుక మేటలే కనిపించే ఈ ఏళ్లు వానాకాలంలో ఒడ్లు దాటతాయి. ఈ రెండింటి నడుమ, బోల్‌పూర్ పట్టణానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు సురుల్.

ఆ ప్రాంతపు పాత ఊళ్లన్నిటిలాగే సురుల్‌కూ చెరువులే ఆధారం. వాటి చుట్టూ కులాలవారీగా వాడలు ఏర్పడ్డాయి. వాడను బెంగాలీలు ‘పాడా’ అంటారు. బ్రాహ్మణ, కాయస్థుల ఇళ్లు ఒకవైపు ఉంటే, బాగ్దీ, బావురీ, హాడీ, డోమ్ కులాలవారి మట్టి గుడిసెలు మరోవైపు. ఊరి పొలిమేరల అవతల సంతాల్ పల్లెలు.

ఈ ఊరిని చరిత్రలోకి లాగింది బట్ట. పద్దెనిమిదో శతాబ్దం చివరలో ఈస్టిండియా కంపెనీ తన వాణిజ్య ప్రతినిధిగా జాన్ చీప్‌ను బీర్‌భూమ్‌కు పంపింది. అతడు సురుల్‌లో గోడలు, గోదాములు, తోటలతో ఒక పెద్ద కోఠీ కట్టుకున్నాడు. పని నడిచిన తీరు కోరమాండల్ తీరపు నేతగాళ్లకు కొత్త కాదు. ముందుగా దాదనీ, అంటే బయానా, చేతిలో పెట్టేవారు. నేసిన బట్ట కంపెనీకే ఇవ్వాలి. చీప్ చేతిలో వేలాది కుటుంబాల కూడు ఉండేది. అందుకే జిల్లా కలెక్టరు కన్నా అతడి మాటకే పలుకుబడి ఎక్కువని 1868లో ‘గ్రామీణ బెంగాల్ చరిత్ర’ రాసిన విలియం హంటర్ వర్ణించాడు. జిల్లాలో నీలిమందు సాగుకు ఊతమిచ్చిందీ చీపే. నలభై ఏళ్లు ఆ జిల్లాలోనే ఉండి, 1828లో చనిపోయాడు.

ఆ సొమ్ములో కొంత ఊళ్లోనూ మిగిలింది. కంపెనీతో వ్యాపారం చేసి ఎదిగిన సర్కార్ కుటుంబం జమీందారీ సంపాదించి, అయిదు కమానుల ఠాకూర్ దాలాన్, అంటే పూజా మంటపం, కట్టింది. ఏటా దుర్గాపూజ ఇప్పటికీ అక్కడే జరుగుతుంది. పూజ రోజుల్లో పాతకాలపు గాజు దీపాలు వెలిగిస్తారు. ఊరంతా ముంగిట చేరుతుంది. పక్కనే ఉన్న టెర్రకోట గుళ్ల గోడల మీద అరచేయంత మట్టి పలకల్లో రామాయణ ఘట్టాలు ఉన్నాయి. వాటిని మలిచింది ఊరూరా తిరిగి పనిచేసిన సూత్రధారులు, అంటే శిల్పకారులు.

తర్వాత మూడు దెబ్బలు తగిలాయి. మాంచెస్టర్ బట్ట ముందు మగ్గం నిలవలేదు, కంపెనీ కూడా వ్యాపారం మానుకుంది. 1860 ప్రాంతంలో బోల్‌పూర్‌కు రైలు రావడంతో అంగడి పట్నానికి తరలింది. ఆ పైన ‘బర్ద్వాన్ జ్వరం’ పేరుతో మలేరియా పశ్చిమ బెంగాల్ పల్లెలను ఊడ్చేసింది. కోఠీ బోసిపోయింది.

1912లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కోఠీని రాయపూర్ సింహా కుటుంబం నుంచి కొన్నాడు. మలేరియా మూలంగా తొలి ప్రయత్నాలు సాగలేదు. కోర్నెల్‌లో వ్యవసాయం చదివిన ఆంగ్లేయుడు లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్, 1922 ఫిబ్రవరి 6న గుప్పెడు మంది విద్యార్థులతో అక్కడ దిగాక పని మొదలైంది. ఖర్చులకు అమెరికన్ మహిళ డొరతీ స్ట్రెయిట్ డబ్బు పంపింది. ఆ కేంద్రమే శ్రీనికేతన్.

ఎల్మ్‌హర్స్ట్ మొదటి పాఠం మరుగుదొడ్డి దగ్గర నేర్పాడు. మలం ఎత్తడానికి పాకీవాళ్లు వద్దన్నాడు. విద్యార్థులే గోతులు తవ్వి, దాన్ని పూడ్చి, ఎరువుగా మార్చాలన్నాడు, తనూ చేయి కలిపాడు. ఆ పిల్లల్లో చాలామంది పెద్ద కులాలవారు. చీపురు పట్టాక గానీ పల్లె గురించి మాట్లాడే హక్కు రాదన్నది ఆ పాఠం సారం. ఊరికి పట్టిన పీడలుగా అతడు లెక్కగట్టినవి మూడు: కోతులు, మలేరియా, ఒకరి మీద ఒకరికి అపనమ్మకం. మూడోదే అన్నిటికన్నా మొండిదని అతడి అనుభవం.

అతడి సహచరుడు కాళీమోహన్ ఘోష్ ఊరూరా తిరిగి సర్వేలు చేశాడు. ఆరోగ్య సహకార సంఘాలు, పిల్లల ‘బ్రతీ బాలక’ దళాలు, నేత, తోలుపని, బాటిక్ నేర్పే శిల్పభవనం ఒకటొకటిగా వచ్చాయి. 1928లో ఠాగూర్ హలకర్షణ ఉత్సవం ప్రారంభించి, స్వయంగా నాగలి పట్టాడు. ఆ దృశ్యాన్నే నందలాల్ బోస్ శ్రీనికేతన్ గోడ మీద చిత్రించాడు.

ఫలితమేమిటని తూచినవాడు మన హైదరాబాదు మనిషే. గ్రామీణ ఆర్థికవేత్త హాషిం అమీర్ అలీ 1933లో ఆ చుట్టుపక్కల ఊళ్లను పరిశీలించి, పాతికేళ్ల తర్వాత 1958లో మళ్లీ వెళ్లి పోల్చి చూశాడు. సేవ చేసినవాళ్లే తమ పనిని కొలవనివ్వడం మన దేశంలో అరుదు.

సురుల్ చరిత్రకు నడిబొడ్డు ఆ కోఠీ. అదే గోడల మధ్య ఒక తరం నేతగాడి శ్రమకు ధర కట్టింది, ఇంకో తరం ఆ ఊరికి బాకీ తీర్చబోయింది. బాకీ పూర్తిగా తీరలేదు. భూమి హక్కులో, కులపు గీతల్లో శ్రీనికేతన్ చేయగలిగింది కొద్దే. అయినా పల్లెను బాగుచేయాలనుకునేవాడు ముందు దాని పక్కన కాపురం పెట్టాలని చూపింది ఆ కోఠీయే. ఇప్పటికీ ఏటా శ్రావణంలో శ్రీనికేతన్‌లో ఎద్దులను అలంకరించి, నాగలి కట్టి, ఒక చాలు దున్నుతారు.