గంటం నుంచి స్టైల్ దాకా: బోల్డ్, ఇటాలిక్, అండర్‌లైన్‌ల కథ



సంఘం వార్షిక సంచికకు వ్యాసాలు వచ్చే రోజులివి. బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం, ఎక్కడి తెలుగువాళ్లయినా ఇప్పుడు వ్యాసం పంపేది వర్డ్ ఫైలుగానే. ఆ ఫైళ్లు తెరిస్తే ఒకరి శీర్షిక ఎర్రగా ఉంటుంది, ఒకరిది లావుగా, మరొకరిది వాలుగా, కింద రెండు గీతలతో. అందరూ చెప్పదలచుకున్నది ఒక్కటే: ఇది శీర్షిక, ఇది ముఖ్యమైన మాట. ఆ సంగతి చూసేవారి కంటికి తెలుస్తుంది, కంప్యూటరుకు మాత్రం తెలియదు. దానికి తెలిసేలా చెప్పే పద్ధతి వేరే ఉంది. దాని పేరే స్టైల్.

ఇదేదో టైపింగ్ చేసేవారి గొడవ అనుకోకండి. తెలుగు రాష్ట్రాల బయట తరతరాలుగా ఉంటున్న మనకు ఎవరు ఎప్పుడు వచ్చారు, బడి ఎవరు పెట్టారు, గుడి ఎవరు కట్టారు అన్న వివరాలు చాలావరకు ఇలాంటి సంచికల్లోనే ఉన్నాయి. అవి ఇరవై ఏళ్ల తరువాత తెరుచుకుంటాయా, తెరిస్తే చదవగలమా అన్నది ఈ లావు, వాలు, గీతల విషయంతో ముడిపడి ఉంది. అందుకే వీటి చరిత్ర కొంచెం చెప్పుకుందాం.

ముందు ఇటాలిక్. పేరులోనే ఇటలీ ఉంది. వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు ఉండేవాడు. చేతిలో ఇమిడే చిన్న పుస్తకాలు వేయాలని, అప్పటి పండితుల చేతిరాతను పోలిన వాలు అక్షరాలను ఫ్రాంచెస్కో గ్రిఫో చేత చెక్కించాడు. 1501లో వర్జిల్ కావ్యాలను మొత్తం ఆ అక్షరాల్లోనే అచ్చు వేశాడు. అంటే మొదట ఇటాలిక్ ఒక మాటను నొక్కి చెప్పడానికి పుట్టలేదు, పుస్తకం మొత్తానికీ అదే అక్షరం. మామూలు అక్షరాల మధ్య ఒక్క మాటను వాల్చి చూపించే అలవాటు తరువాత స్థిరపడింది.

బోల్డ్ ఇంకా చిన్నది. మామూలు అక్షరం పక్కనే వాడుకోవడానికి వీలుగా లావు అక్షరం తయారు చేసి, లండన్‌లో రాబర్ట్ బెస్లీ 1845లో క్లారెండన్ పేరుతో నమోదు చేయించాడు. నిఘంటువుల్లో పదం ఒక్కటే లావుగా, అర్థం మామూలుగా కనిపించే తీరుకు ఇలాంటి అక్షరాలే తోడ్పడ్డాయి.

అండర్‌లైన్ కథ మరోలా నడిచింది. రచయిత చేతిప్రతిలో ఒక మాట కింద ఒక గీత గీస్తే, "దీన్ని ఇటాలిక్‌లో పెట్టు" అని కంపోజిటర్‌కు చెప్పినట్టు. రెండు గీతలైతే చిన్న సైజు పెద్దక్షరాలు, మూడైతే పెద్దక్షరాలు, వంకర గీత అయితే లావు అక్షరం. ఆ గీత అచ్చులో కనిపించడానికి గీసింది కాదు, పనివాడికి ఇచ్చిన సూచన. టైప్‌రైటర్‌కు వాలు అక్షరం లేదు కాబట్టి, వెనక్కి జరిపి అదే మాట కింద గీత కొట్టడం అలవాటైంది. ఆఫీసు కాగితాల్లో శీర్షికల కింద గీత గీసే అలవాటుకు టైప్‌రైటర్‌దే పెద్ద చెయ్యి.

ఈ మూడూ రోమన్ లిపికి దాని అవసరాల కోసం వచ్చినవి. మరి మనవాళ్లు ఏం చేసేవారు?

తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లో మసి పట్టించి చదువుకునే రోజుల్లో ఒక మాటను లావుగా రాయడం కుదరదు, వాల్చి రాసే అలవాటూ లేదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా వదిలేవారు కాదు. అయినా చదివేవాడు తడబడకుండా మనవాళ్లు ఒక ఉపాయం చేసుకున్నారు. పద్యం ముందు "క." అని ఉంటే కందం, "సీ." అంటే సీసం, "తే." అంటే తేటగీతి, "ఆ." అంటే ఆటవెలది, "వ." అంటే వచనం. ఆశ్వాసం చివర గద్య వస్తే ఇక్కడికి ఈ భాగం అయిపోయిందని గుర్తు. అక్షరం రూపం మార్చకుండా, రాసిన భాగానికి పేరు పెట్టారన్నమాట. ఆ పేరు చూసి చదివేవాడు ఎలా చదవాలో తెలుసుకునేవాడు. తరువాత అచ్చు వచ్చాక కంపోజిటర్ కూడా అదే పేరు చూసి ఏ పాదం ఎక్కడ విరవాలో తెలుసుకునేవాడు.

ఈ అచ్చు కథలో మనలాంటి బయటి ఊళ్ల వాటా తక్కువేం కాదు. వావిళ్ల వారి ప్రెస్సు మదరాసులోనిది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మదరాసులో దినపత్రికగా తెచ్చారు. 1947లో చందమామ పుట్టిందీ మదరాసులోనే. ఆ కాలంలో తెలుగు కంపోజింగ్ అంటే గుణింతాలు, వత్తులు విడివిడిగా ఏరి పేర్చాలి, ఇంగ్లీషు కేసు కంటే ఎన్నో ఎక్కువ గదులు ఉండేవి. అందులో వాలు అక్షరాలకు మరో కేసు పెట్టుకునే సంప్రదాయం తెలుగులో ఏర్పడలేదు. ముఖ్యమైన మాట అనిపిస్తే సైజు పెంచేవారు, లావు టైపు ఉంటే అది వాడేవారు, లేదంటే కొటేషన్ గుర్తులు పెట్టేవారు.

ఇక కంప్యూటరు. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్‌లో లావు అక్షరం కావాలంటే కంట్రోల్ నొక్కి పి, తరువాత బి కొట్టాలి, గీత కావాలంటే పి తరువాత ఎస్. తెర మీద గుర్తు మాత్రమే కనిపించేది, లావు అక్షరం చూడాలంటే కాగితం మీద ప్రింటు తీయాల్సిందే. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో మాత్రం అంతకు ముందే, 1974లో, బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ కలిసి బ్రావో అనే ప్రోగ్రాం రాశారు. కాగితం మీద ఎలా వస్తుందో తెర మీదా అలాగే చూపించిన మొదటి ప్రోగ్రాం అదే. సిమోనీ 1981లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు, 1983లో వర్డ్ బయటికి వచ్చింది.

అదే కాలంలో ఇంకో ఆలోచన కూడా నడుస్తోంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయాన్ రీడ్ 1980లో స్క్రైబ్ అనే వ్యవస్థ మీద పరిశోధన గ్రంథం సమర్పించాడు. అందులో రచయిత "ఇది అధ్యాయం పేరు, ఇది ఉల్లేఖన" అని మాత్రమే చెబుతాడు. అవి ఏ సైజులో, ఎంత లావుగా ఉండాలో వేరేచోట ఒక్కసారి రాసి పెట్టుకుంటారు. వర్డ్‌లో మనం చూసే హెడ్డింగ్ 1, హెడ్డింగ్ 2, నార్మల్, కోట్ అన్న స్టైళ్లూ ఈ తీరులోనివే. శీర్షికను ఎంచుకుని బోల్డ్ కొడితే ఆ అక్షరాలకు లావు చొక్కా తొడిగినట్టు, అంతే. హెడ్డింగ్ 1 అని ఇస్తే "ఇది శీర్షిక" అని పేరు పెట్టినట్టు. సంచికలో నలభై శీర్షికలు ఉంటే రంగు మార్చడానికి నలభై చోట్లకు వెళ్లనక్కర్లేదు, స్టైల్‌లో ఒక్కచోట మారిస్తే చాలు. విషయసూచిక దానంతటదే తయారవుతుంది. చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ శీర్షిక నుంచి శీర్షికకు వెళ్లగలుగుతుంది.

మన "క.", "సీ.", "వ." చేసిన పని ఇదే కదా. ఇంకో విశేషం, స్టైల్ అన్న మాట లాటిన్‌లోని స్టిలుస్ నుంచి వచ్చింది. మైనపు పలక మీద గీసి రాసే మొనగల పుల్లకు అది పేరు. అంటే మన గంటం లాంటిదే.

అయితే తెలుగుకు ఒక అవాంతరం వచ్చింది. 1985లో పేజ్‌మేకర్ వచ్చి డీటీపీ మొదలైంది. దాన్ని తయారు చేసిన సంస్థ పేరు ఆల్డస్, మనం పైన చెప్పుకున్న వెనిస్ ముద్రాపకుడి పేరే పెట్టుకుంది. మన ఊళ్లలోనూ డీటీపీ సెంటర్లు వచ్చాయి, పెళ్లి శుభలేఖ నుంచి సంఘం సంచిక దాకా అక్కడే తయారయ్యేవి. కానీ అప్పటి కంప్యూటరులో ఒక ఫాంట్‌కు 256 గదులే, అవి ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించినవి. ఆ గదుల్లోనే తెలుగు తలకట్లు, గుణింతాలు, వత్తుల ముక్కల బొమ్మలు కూర్చారు. తెర మీద తెలుగు కనిపించేది, లోపల మాత్రం కంప్యూటరు దాచుకున్నది ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు. ఆ ఫాంట్ తీసేస్తే తెలుగే లేదు.

అంటే అక్షరం కూడా చొక్కా అయిపోయింది. ఇటాలిక్ పోతే మాట నిటారుగా నిలబడుతుంది, మాటకు ఏమీ కాదు. ఈ ఫాంట్ పోతే మాటే పోతుంది. 1990ల నాటి సంచికల ఫైళ్లు ఇప్పుడు తెరిస్తే పిచ్చి గీతలు కనిపించడానికి కారణం ఇదే. పీడీఎఫ్ చేసినవి కంటికి బాగానే కనిపిస్తాయి, కానీ అందులో మీ తాతగారి పేరు వెతికితే దొరకదు.

దీనికి మందు అప్పటికే తయారవుతోంది. కాన్పూర్ ఐఐటీలో మొదలైన భారతీయ లిపుల పని పుణెలోని సీడాక్‌కు చేరింది. 1991లో ఇస్కీ అనే జాతీయ ప్రమాణం వచ్చింది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పు కూడా ఇస్కీ వరసనే అనుసరించి మన లిపులకు చోటు ఇచ్చింది. తెలుగుకు అందులో 128 గదులు. అక్కడ "క" అంటే ఏ ఫాంట్‌లో ఉన్నా "క"యే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ రావడంతో మామూలు ఇంటి కంప్యూటరులోనూ ఇది సాధ్యమైంది. తరువాత పోతన, వేమన, రామభద్ర, సురన్న, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగా అందాయి.

ఇప్పుడు పని సంగతి. రోమన్ లిపి అలంకారాలు తెలుగుకు అతికేటప్పుడు ఈ నాలుగూ గుర్తుంచుకోవాలి.

మొదటిది, అండర్‌లైన్ వద్దు. ఇంగ్లీషు అక్షరాల కింద ఖాళీ ఎక్కువ. మనకు అక్కడే వత్తులు ఉంటాయి. గీత వత్తుల మీదుగా పోయి "త్త", "ష్ట్ర" లాంటివి కలిసిపోతాయి. ఇప్పుడిప్పుడే తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లలకు అది మరీ కష్టం.

రెండోది, ఇటాలిక్. చాలా తెలుగు ఫాంట్లకు విడిగా వాలు అక్షరాలు గీసి ఉండవు. బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ నిలువు అక్షరాన్ని బలవంతంగా పక్కకు వంచుతుంది. పుస్తకాల పేర్లకు కొటేషన్ గుర్తులు చాలు.

మూడోది, బోల్డ్. నోటో సాన్స్ తెలుగు, నిర్మల యూఐ లాంటి వాటికి లావు అక్షరాలు విడిగా గీసి ఉన్నాయి, అవి వాడవచ్చు. అలా లేని ఫాంట్‌కు బోల్డ్ కొడితే సాఫ్ట్‌వేర్ ఊరికే మందం పెంచుతుంది, లోపలి సందులు పూడిపోతాయి.

నాలుగోది, వరసల మధ్య దూరం. వర్డ్‌లో ఎగ్జాక్ట్‌లీ అని తక్కువ అంకె ఇస్తే వత్తులు కోసుకుపోతాయి. మల్టిపుల్ అని ఇవ్వండి.

లిబ్రే ఆఫీస్ వాడేవారికి ఒక మాట: స్టైల్‌లో ఫాంట్ మార్చినా తెలుగు మారకపోతే కంగారు పడకండి. మన లిపులకు కాంప్లెక్స్ అన్న పేరుతో వేరే అర ఉంటుంది, అక్కడ మార్చాలి.

సంఘాల పెద్దలకూ, సంచిక పని చూసే తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ మా విన్నపం ఇది. ఈసారి నుంచి వ్యాసాలు యూనికోడ్‌లోనే తీసుకుందాం. శీర్షికలకు హెడ్డింగ్ స్టైల్ ఇద్దాం, పద్యాలకు ఒక స్టైల్ మనమే తయారు చేసుకుని "పద్యం" అని తెలుగులోనే పేరు పెట్టుకుందాం. పాత ఫాంట్లలోని ఫైళ్లను, ఆ ఫాంట్లు ఇంకా పనిచేసే కంప్యూటర్లు ఉండగానే యూనికోడ్‌లోకి మార్పించుకుందాం. మార్చాక అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని ఒక్కసారి చదివి సరిచూడటం తప్పనిసరి, ఎందుకంటే మార్పిడిలో వత్తులు తారుమారవుతుంటాయి. ఆ చదివే పనిలో ఇంట్లో తెలుగు నేర్చుకుంటున్న పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. చదువూ వస్తుంది, తాతల పేర్లూ తెలుస్తాయి.

మీ సంఘంలో ఏ ఏడాది సంచికల ఫైళ్లు ఉన్నాయో, అవి ఇప్పుడు తెరుచుకుంటున్నాయో లేదో చూసి చెప్పండి. జాబితా ఒకటి తయారు చేద్దాం, తెలిసినవాళ్లం తలా కొంత పంచుకుందాం.