ఆంధ్ర తీరంలో ఐరోపా వర్తక స్థావరాలు

17వ శతాబ్దం మొదలుకొని డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు భీమునిపట్నం నుంచి పులికాట్ దాకా తెలుగు తీరంలో గిడ్డంగులు, కోటలు కట్టుకున్నారు. వారిని ఇంతదూరం రప్పించింది ప్రధానంగా నేతబట్ట. సరుకు పడవల మీద దిగివచ్చేది కనుక స్థావరాలు చాలావరకు ఏటిమొగల దగ్గరే వెలిశాయి. కాలక్రమంలో ఆ మొగలే మేటవేసి రేవులను పూడ్చేశాయి, మిగిలినదాన్ని తుఫానులు చూసుకున్నాయి. పుదుచ్చేరిలోలా వీధులకు వీధులు నిలిచిన కట్టడాల కోసం ఇక్కడికి వస్తే నిరాశ తప్పదు. ఈ తీరంలో ఎక్కువగా మిగిలినవి సమాధులు. వాటి పక్కనే ఉన్న మడ అడవులు, ఎర్రమట్టి దిబ్బలు, ఉప్పునీటి సరస్సు ఈ యాత్రలో సగం.

కృష్ణా తీరం

అన్నిటిలోకీ చరిత్ర చిక్కగా ఉన్నది మచిలీపట్నం, అంటే బందరు. కుతుబ్‌షాహీల ఏలుబడిలో గోల్కొండకు ఇదే ముఖ్యమైన రేవు. ఇక్కడి కలంకారీ బట్ట పర్షియా దాకా వెళ్లేది. డచ్చివారు 1605లో వచ్చారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు దిగారు. ఒకే ఊళ్లో ముగ్గురూ వేరువేరుగా కాపురం పెట్టిన గుర్తులు వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేటల్లో ఇప్పటికీ ఉన్నాయి.

1750లో ఫ్రెంచివారి చేతికి వెళ్లిన బందరు కోటను 1759 ఏప్రిల్‌లో ఆంగ్లేయుల సేనాని కల్నల్ ఫోర్డ్ రాత్రివేళ దాడిచేసి పట్టుకున్నాడు. ఆ వెంటనే నిజాం సలాబత్ జంగ్ చుట్టుపక్కల ప్రాంతాన్ని ఆంగ్లేయులకు వదులుకున్నాడు. ఉత్తర సర్కారులనే ఈ తీర ప్రాంతంలో ఫ్రెంచి పలుకుబడి అంతటితో ముగిసింది. ఇంత మలుపు తిప్పిన కోట ఊరికి దూరంగా, రేవు వైపు, శిథిలమైన ఆయుధాగారం గోడలతో మిగిలింది. దాన్ని చూసినవారికి ఊరు ఎందుకు వెనకబడిందో చెప్పాలంటే 1864 నవంబరు 1 నాటి తుఫాను దగ్గరికి వెళ్లాలి. ఆ రాత్రి సముద్రం ఊరి మీద పడి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. అప్పటికే పూడుతున్న రేవు మునుపటి స్థితికి రాలేదు.

కోటతో పాటు, వంశచిహ్నాలు చెక్కిన రాళ్లున్న డచ్చి శ్మశానాన్ని తప్పక చూడాలి. మంగినపూడి తీరం, కలంకారీ అద్దకం నేటికీ సాగుతున్న పెడన దగ్గరలోనే ఉన్నాయి.

గోదావరి పాయలు

వశిష్ఠ పాయ మీద నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెంలో ఆంగ్లేయుల వర్తకశాల ఉండేది. అక్కడి బట్ట మాడపోలం పేరుతో ఐరోపా అంగళ్లకెక్కింది. పాలకొల్లులో డచ్చివారుండేవారు. ఈ రెండు చోట్లా కంటికి కనిపించేది తక్కువే.

గౌతమి ఒడ్డున యానాం కథ వేరు. 18వ శతాబ్దం తొలి భాగంలో ఫ్రెంచివారి స్థావరమైన ఈ ఊరు, చుట్టూ ఆంగ్లేయుల రాజ్యం ఉన్నా, మధ్యమధ్య చేతులు మారినా, చివరికి ఫ్రెంచివారికే మిగిలింది. 1954లో భారత పాలనలోకి వచ్చింది. చట్టబద్ధమైన అప్పగింత మాత్రం 1962 ఆగస్టు 16న జరిగింది. నేటికీ ఇది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. గోదావరి ఒడ్డు, పాత కాథలిక్ చర్చి చూసుకుని కోరంగి మడ అడవులకు వెళ్లవచ్చు. 1839 తుఫానుకు నాశనమయ్యేదాకా కోరంగి కూడా పేరున్న ఓడరేవే.

ఎగువన ధవళేశ్వరంలో ఆంగ్లేయ ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. వర్తకుల ఊళ్ల జాబితాలో దీనికి చోటు లేదు, నిజమే. అయినా పరాయి పాలకుల్లో ఒకరికి రైతులు విగ్రహాలు పెట్టి దండలు వేసే ప్రాంతమిది, విడిచి వెళ్లడం తగదు. ఇక్కడ కాటన్ పేరిట మ్యూజియం ఉంది. రాజమహేంద్రవరంలో 1997 దాకా రైళ్లు నడిచిన హేవలాక్ వంతెన ఉంది.

ఉత్తర తీరం

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న భీమునిపట్నం 1825లో డచ్చివారి నుంచి ఆంగ్లేయుల చేతికి వచ్చింది. కోసుగా పైకి లేచిన డచ్చి సమాధులు, పాత దీపస్తంభం, గంట స్తంభం నడుచుకుంటూ చూడగలిగినంత దగ్గరగా ఉన్నాయి. పురపాలక సంఘం 1861 నాటిది. విశాఖ దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం. గాలి, వాన కోసిన ఆ మెత్తని గుట్టలెక్కడం వాటికి చేటు, దిగువన నడవడమే మంచిది.

విశాఖ పాతబస్తీలో రాస్ హిల్ మీద చర్చి, పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరాలయం వరసగా కనిపిస్తాయి. ఇక్కడ కొండే రేవును కాపాడింది: డాల్ఫిన్స్ నోస్ చాటున 1933లో ఓడరేవు తెరుచుకుంది. మిగతా ఊళ్లకు దక్కని అదృష్టమిది.

దక్షిణ తీరం

మద్రాసుకు ముందు ఆంగ్లేయులు దుగ్గరాజపట్నం దగ్గర కోట కట్టుకున్నారు. వారు దాన్ని ఆర్మగాన్ అనేవారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించాడు. పులికాట్ ఊరు తమిళనాడులో ఉంది. అక్కడ డచ్చివారి గెల్డ్రియా కోట 1613 నాటిది, ఇప్పుడు పొదల్లో కలిసిపోయింది. అస్థిపంజరాలు చెక్కిన ద్వారం ఉన్న శ్మశానం మాత్రం చూసి తీరవలసింది. పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌దే. సూళ్లూరుపేట వైపు నుంచి వెళ్తే చలికాలంలో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడకొంగలు కనిపిస్తాయి. తుఫానుల కాలం దాటాక, డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, ఈ తీరమంతటికీ అనువైన సమయం.