మెడలోని తిత్తులు: పిండము నడచిన దారులు

మెడమీద కనబడు గడ్డలన్నియు ఒక జాతివి కావు. కొన్ని వ్యాధులవలన వచ్చును. మరికొన్నింటి మూలము శిశువు తల్లి గర్భమున ఉన్ననాటిది. ఈ రెండవ జాతి తిత్తులు ఎక్కడబడిన అక్కడ పుట్టవు. ఒక రకము సరిగా మెడ నడుమ, గొంతుముడికి కొంచెము పైన ఉండును. వేరొక రకము ప్రక్కగా, దవడ మూలకు దిగువన ఉండును. ఈ నియమమునకు కారణము తెలిసి, ఆ తెలివి శస్త్రచికిత్సకు అక్కరకు వచ్చుటకు దాదాపు నూరేండ్లు పట్టినది.

ఈ చరిత్ర పంది పిండముతో మొదలగును. 1825లో జర్మన్ శాస్త్రజ్ఞుడు మార్టిన్ రాథ్కే దానిని పరీక్షించుచు మెడభాగమున చేప మొప్పలను పోలిన చీలికలను చూచెను. ఊపిరితిత్తులతో బ్రతుకు జంతువునకు మొప్పల గుర్తులేల? తరువాత కోడి పిండమునందును, మానవ పిండమునందును అట్టివే కనబడినవి. నిజమునకు మానవ పిండములోనివి మొప్పలు కావు. అవి గాడులు, వాని నడుమ చాపములవలె ఉబ్బిన మడతలు. ఆ చాపములనుండియే దవడ, నడిమి చెవిలోని చిన్న ఎముకలు, స్వరపేటిక భాగములు తయారగును.

కొందరికి పుట్టుకతోనే మెడప్రక్కన సన్నని రంధ్రముండి జిగురునీరు కారుచుండును. 1832లో బెర్లినునందు ఆషెర్సన్ అను వైద్యుడు ఈ రంధ్రములకును, పిండములోని చీలికలకును సంబంధమున్నదని వ్రాసెను. ఐదవ వారము మొదలుకొని రెండవ చాపము త్వరత్వరగా పెరిగి క్రింది గాడులను కప్పివేయును. లోపల చిక్కిన సందు పూడిపోవలెను. పూడనిచో రంధ్రముగానో, తిత్తిగానో మిగులునని పండితులు భావించిరి.

నడిమి తిత్తి కథ వేరు. లైప్‌జిగ్‌లో ఆచార్యుడైన విల్హెల్మ్ హిస్ మానవ పిండములను పలుచని పొరలుగా కోసి వరుసగా పరిశీలించెను. 1880-1885 నడుమ వెలువడిన ఆయన గ్రంథమువలన ఒక వింత తేటపడినది. థైరాయిడ్ గ్రంథి మెడలో పుట్టదు! నాలుగవ వారమున నాలుక మొదట మొలచి, క్రిందికి దిగి, ఏడవ వారమునకు తన చోటు చేరును. దిగునప్పుడు వెనుక దారమువంటి నాళమును విడుచును. అది సాధారణముగా మాయమగును. ఎచ్చటనైన మిగిలిన తునకలో ద్రవము చేరినచో తిత్తి అగును. కనుకనే రోగిని నాలుక చాపుమన్నచో ఆ గడ్డ పైకి కదలును.

ఈ దారిని మరచిన చికిత్స ఫలింపలేదు. తిత్తిని మాత్రము కోసి తీసిన రోగులలో సుమారు సగముమందికి గడ్డ మరల వచ్చుచుండెను. వారిలో పిల్లలే హెచ్చు. పాత మచ్చమీదనే మరల కోత! నాళము నాలుక క్రిందనున్న హయాయిడ్ అను చిన్న ఎముకను అంటిపెట్టుకొని పోవును. అందుచేత ఆ ఎముక నడిమి ముక్కనుగూడ తీయవలెనని 1893లో ష్లాంగే చెప్పెను. అదియు చాలలేదు. అమెరికాలోని మేయో క్లినిక్ శస్త్రవైద్యుడు సిస్ట్రంక్ 1920లో మరొక అడుగు వేసెను. అంత సన్నని నాళమును విడదీయబూనుట వ్యర్థమని, ఎముక ముక్కతోపాటు నాలుక మొదటివరకు దాని చుట్టునున్న కండనుగూడ తొలిచి తీసెను. ఈ పద్ధతిలో గడ్డ తిరిగి వచ్చుట నూటికి పదిమందిలోపునకు తగ్గినది. నేటికిని ఇదే అనుసరింపబడుచున్నది. అయితే కోతకు ముందు థైరాయిడ్ తన చోటనే ఉన్నదా అని స్కానుతో చూతురు. ఏలయన, అరుదుగా రోగికున్న థైరాయిడ్ అంతయు ఆ నడిమి గడ్డయే అయి ఉండును. దానిని తీసినచో జీవితాంతము మందు మ్రింగవలసినదే.

ప్రక్క తిత్తి విషయము ఇంత సులువుగా తేలలేదు. పిండములోని చీలికయే మూలమైనచో అది పుట్టుకతోనే కనబడకుండ, తరచు యౌవనమున ఏల బయటపడును? 1959లో భాస్కర్, బెర్నియర్ అను శాస్త్రజ్ఞులు 468 తిత్తులను పరీక్షించి, దాదాపు అన్నింటి గోడలలోను లింఫు కణజాలము ఉన్నదని చూపిరి. లింఫు గ్రంథులలో చిక్కిన పైపొర కణములే మూలమని వారి వాదము. వివాదము పూర్తిగా తీరలేదు. మొప్పల పేరు మాత్రము ఈ తిత్తిని వదలలేదు. నలుబది ఏండ్లు దాటినవారికి ఇట్టి తిత్తి క్రొత్తగా వచ్చినచో వైద్యులు దానిని వెంటనే పిండశేషమని తలపరు. గొంతులోని క్యాన్సరు లింఫు గ్రంథికి ప్రాకినను అట్లే కనబడును. కనుక ముందు సూదితో కణములను తీసి చూచి, టాన్సిళ్ళను, నాలుక మొదలును పరీక్షింతురు.