తాత సైకిలు, కె.ఆర్.పురం దారి

మా ఇంట్లో అందరికీ తెలిసిన కథే ఇది. కానీ రాసిపెట్టకపోతే పిల్లలకు అందదని ఇక్కడ పెడుతున్నాను.

మా తాత కుప్పం పక్క పల్లె నుంచి రైలెక్కి, ఐ.టి.ఐ.లో పనికోసం కె.ఆర్.పురంలో దిగినాడు. మొదటి ఏడాది జీతంలో మిగిల్చి కొన్నది సైకిలు. అవ్వకు ముక్కుపుడక ఆ తర్వాతే. ఈ వరుస గురించి అవ్వ చివరిదాకా దెప్పుతానే ఉండేది.

ఐ.టి.ఐ. 1948లో మొదలైంది. టెలిఫోన్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీ వల్లే పక్కన వెలిసిన కాలనీకి దూరవాణినగర అని పేరు. కన్నడంలో దూరవాణి అంటే టెలిఫోనే. అంతకుముందే, 1940లో, హెచ్.ఎ.ఎల్. వచ్చింది. షిఫ్టు సైరను మోగితే గేట్లోంచి సైకిళ్ళు చీమల బారులాగా వచ్చేవట. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం అన్నీ ఆ బారులోనే వినబడేవని తాత చెప్పేవాడు. ఇంటినుంచి గేటుకు పదిహేను నిమిషాలు. ప్రత్యేకంగా సైకిల్ దారి ఎవరూ వేయలేదు. పాత మద్రాసు రోడ్డు మీద లారీలు తక్కువ, సైకిళ్ళు ఎక్కువ. ఆ గుంపే వాళ్ళకు కాపలా.

నాన్న కాలానికి లెక్క తిరగబడింది. రింగు రోడ్డు వచ్చింది. రైలు పట్టాల మీదుగా 2003లో తీగల వంతెన తెరిచారు. బండ్లకు మేలే. కానీ వంతెన ఎక్కే సైకిలువాడు లారీలకూ బస్సులకూ మధ్య నలిగిపోయాడు. ఒక సాయంత్రం లారీ రాసుకుని పోయింది. నాన్నకు మోచెయ్యి గీసుకుంది, టిఫిన్ క్యారియర్ నలిగిపోయింది. మర్నాడే అవ్వ పట్టుబట్టి సైకిల్ని మిద్దెపైకి ఎక్కించేసింది.

2020లో, కోవిడ్ కాలంలో, రింగు రోడ్డు మీద కె.ఆర్.పురం నుంచి సిల్క్ బోర్డు దాకా సుమారు 17 కిలోమీటర్ల సైకిల్ దారి గీశారు. మారతహళ్ళిలో పనిచేసే మా అమ్మాయి సంబరపడింది. ఆ దారిలో పడ్డాక బాగానే ఉండేదట. అక్కడిదాకా పోవడమే కష్టం. ఇంటినుంచి టిన్ ఫ్యాక్టరీ కూడలి దాటేలోపు ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి. తర్వాత మెట్రో పనులు మొదలయ్యాయి. గీతలూ అడ్డుస్తంభాలూ చాలాచోట్ల కనబడకుండా పోయాయి.

ఇది మన ఊరి తప్పే అనుకోకండి. నెదర్లాండ్స్‌లో 1970లలో హేగ్, టిల్‌బర్గ్ ఊళ్ళలో ఒక్కొక్క మంచి సైకిల్ దారి వేసి చూశారు. ఆ దారి మీద జనం పెరిగారు కానీ, ఊరు మొత్తంలో సైకిలెక్కేవాళ్ళు అంతగా పెరగలేదు. తర్వాత డెల్ఫ్ట్ ఊళ్ళో పద్ధతి మార్చారు. వీధి దారి పేట దారిలో, పేట దారి ఊరి పెద్ద దారిలో కలిసేలా వల అల్లారు. తెగిన చోట చిన్న వంతెనో, కింది దారో పెట్టారు. అప్పుడు ఫలితం కనిపించింది.

మన కె.ఆర్.పురానికీ అదే కావాలి. పాత ఊరి సందుల నుంచి స్టేషన్‌కు, పట్టాలు దాటి మహదేవపురకు, 2023లో తెరిచిన మెట్రోకు ఎక్కడా తెగని దారి కావాలి. స్టేషన్ దగ్గర సైకిలు పెట్టుకోను చోటుండాలి. మెట్లుంటే సైకిలు తోసుకుపోను వాలు ఉండాలి. పదిహేను కిలోమీటర్లు బాగుండి అర కిలోమీటరు ప్రమాదంగా ఉంటే, ఇంట్లోవాళ్ళు ఆ అర కిలోమీటరునే చూస్తారు. మా అవ్వ చూసింది కూడా అదే.

పోయిన నెల మా అమ్మాయి తాత సైకిల్ని మిద్దెపై నుంచి దించింది. రెండు టైర్లూ మార్చాలి, చైను తుప్పు పట్టింది. నాన్న ఏమీ అనలేదు. కాసేపు చూసి, లోపలికి పోయి పాత గాలిపంపు తెచ్చిచ్చినాడు.

మీ ఇళ్ళల్లో ఆ షిఫ్టు కాలం ఫోటోలుంటే పంపండి. ఇక్కడే దాచిపెడదాం.