మైలుతుత్తం కాపర్ సల్ఫేట్ ఎలా అయింది?

మైలుతుత్తం, అన్నభేది. ఈ పేర్లు విని లోపల ఏ లోహం ఉందో చెప్పగలరా? నేనైతే చెప్పలేను. ఒకప్పుడు యూరప్‌లోనూ ఇదే తంటా. మైలుతుత్తాన్ని బ్లూ విట్రియల్ అని, అన్నభేదిని గ్రీన్ విట్రియల్ అని పిలిచేవాళ్లు. రంగు తెలుస్తుంది, అంతే. పైగా ఒకే పదార్థానికి నాలుగైదు పేర్లు!

ఈ గందరగోళం పోవాలని పట్టుబట్టింది ఎవరో తెలుసా? ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో లాయరుగా పనిచేసిన గైటన్ డి మోర్వో. 1782లో కొత్త పద్ధతి ప్రతిపాదించాడు. 1787లో లావోయిజర్, బెర్తొలే, ఫూర్‌క్రాయ్‌లతో కలిసి పుస్తకమే తెచ్చాడు. వాళ్ల సూత్రం ఒక్కటే: పేరు వింటే లోపలేముందో తెలియాలి. రాగి, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిస్తే వచ్చే లవణం కాబట్టి కాపర్ సల్ఫేట్. అందులో ఆక్సిజన్ తక్కువుంటే సల్ఫైట్. మనం బట్టీపట్టే ఆ "ఏట్", "ఐట్" తోకలు అక్కడివే.

కానీ ఇక్కడే అసలు తిరకాసు. ప్రతి యాసిడ్‌లోనూ ఆక్సిజన్ ఉంటుందని లావోయిజర్ నమ్మాడు. అందుకే దానికి "ఆమ్లాన్ని పుట్టించేది" అనే అర్థంతో పేరు పెట్టాడు. 1810లో హంఫ్రీ డేవీ లెక్క తేల్చాడు: క్లోరిన్ ఒక మూలకం, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఆక్సిజనే లేదు! నమ్మకం పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది. తెలుగులోకి కూడా "ఆమ్లజని"గా వచ్చేసింది.

అందుకే నేననేది, పేరు నేర్చుకోండి, కానీ అది ఏం చెబుతోందో కూడా అడగండి.